ఒంటి కోడిపిల్లకు హీటింగ్ ప్లేట్: బల్బు కన్నా మేలేనా?

పొదిగిన గుడ్లలో ఒక్కటే పిల్లయితే, దాన్నీ పెట్ట దగ్గరికి రానివ్వకపోతే, అట్టపెట్టెలో బల్బు వేలాడదీయడం మామూలు. పది పిల్లలున్నప్పుడు అది చాలు, చలేస్తే ఒకదానికొకటి ఒరుసుకుని పడుకుంటాయి. ఒంటి పిల్లకు ఆ ఆసరా ఉండదు. దానికి నాలుగు పొట్టి కాళ్ల మీద నిలబడే 15 వాట్ల హీటింగ్ ప్లేటే మంచిది.

ప్లేట్ గాలిని పెద్దగా వేడిచేయదు. కిందికి దూరిన పిల్ల వీపుకు తగిలి వెచ్చబెడుతుంది, పెట్ట రెక్క కింద ఉన్నట్టే. వెలుగు లేదు కాబట్టి రాత్రి నిద్రపోతుంది. రోజంతా వేసినా 0.36 యూనిట్. అదే 60 వాట్ల బల్బుకు 1.44, 250 వాట్ల ఎర్ర బల్బుకు 6 యూనిట్లు. ఆ పెద్ద బల్బు తెగి ఊక మీద పడితే నిప్పంటుకుంటుంది కూడా, ఒక్క పిల్లకు అది అసలొద్దు.

అమర్చడంలోనే చాలామంది తప్పు చేస్తారు. వెనక కాళ్లు తగ్గించి, ముందు కాళ్లు ఒక వేలి మందం ఎత్తుగా పెట్టాలి. పిల్ల నిలబడితే ముందు వైపున వీపు ప్లేటుకు తగలాలి, లోపలికి పోతే కూర్చోవాలి. పిల్ల ఎదిగేకొద్దీ ఎత్తు పెంచాలి. అరగంట ముందే ఆన్ చేసి ఉంచండి, నిదానంగా వేడెక్కుతుంది. కిందికి దూరాలని పిల్లకు తెలియదు, మొదటి రోజు మీరే మెల్లగా తోయాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 తగ్గించాలన్న లెక్క బల్బుది. ఇక్కడ థర్మామీటర్ కాదు, పిల్లను చూడండి. బయట నిలబడి ఆపకుండా గట్టిగా కూస్తోందంటే చలి. ప్లేటుకు దూరంగా పోయి నోరు తెరిచి, రెక్కలు దించిందంటే వేడి ఎక్కువైంది.

లోపాలూ ఉన్నాయి. కింద పిల్ల ఎలా ఉందో కనిపించదు, పొద్దునా సాయంత్రం ఎత్తి చూడాల్సిందే. పిల్ల వెనక రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చని తడిగుడ్డతో నానబెట్టి తీయాలి, లాగితే చర్మం ఊడుతుంది. రెండో వారం నుంచి ప్లేటెక్కి రెట్టేస్తుంది, పైన కవరు వేసుకుంటే తుడవడం తేలిక. లంబసింగి, అరకు వైపు డిసెంబరు రాత్రుల్లో గది బాగా చల్లబడితే ప్లేట్ ఒక్కటే సరిపోదు. ఎండాకాలం మధ్యాహ్నాలు గది 35 దాటితే అవసరమే ఉండదు, తెల్లవారుజామున వేస్తే చాలు. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి.

పెట్టెలో నున్నటి న్యూస్‌పేపర్ మాత్రం పరచొద్దు, కాళ్లు జారి బార్లా చాపుకుపోతాయి. గరుకు గుడ్డ వేసి, రెండు మూడు రోజులయ్యాక ఊక పోయండి. నీళ్లగిన్నెలో గులకరాళ్లు వేస్తే మునగదు. స్టార్టర్ మేతను (చిన్న పిల్లలకు వేసే దాణా) వేలితో టకటక కొట్టి చూపిస్తే పొడవడం నేర్చుకుంటుంది.

ఒంటరితనాన్ని ఏ ప్లేటూ తీర్చదు. అద్దం, మెత్తటి బొమ్మ కొంత ఊరటే. మొదటి రెండు మూడు రోజుల్లోనే ఈడు పిల్లను ఒకదాన్ని తెచ్చి జతచేయండి. ఊళ్లో ఎవరి దగ్గరైనా అప్పుడే పిల్లలు తీసిన పెట్ట ఉంటే ప్లేట్ కొననే వద్దు. చీకటి పడ్డాక పిల్లను దాని కిందికి తోసి, తెల్లారగానే పొడుస్తుందేమో చూసుకోండి.