విప్పి పారేయమన్న కడ్డీనే మళ్ళీ బిగించుకున్నాను

నాది 1989 జీప్ చెరొకీ. దాని ఇంజన్, గేర్‌బాక్స్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ బండి మోజున్న వాళ్ళందరికీ అవి కంఠతా వచ్చు. నేను రాయాలనుకున్నది ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఒక ఇనప కడ్డీ గురించి. అమెరికాలో స్వే బార్ అంటారు, మన దగ్గర మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్ అంటారు. ఫ్యాక్టరీలో బిగించిన కడ్డీయే నా బండి కింద ఇప్పటికీ ఉంది. మధ్యలో ఒక ప్రయాణంలో సగం ఊడి ఉంది, ఒక చలికాలమంతా గరాజ్ గోడకు ఆనుకుని ఉంది. ఆ రెండు సంగతులే నా సమీక్ష.

2015లో డెన్వర్ పక్కన అరోరాలో బండి కొన్నప్పుడు, కొండ బాటల్లో తిరిగేవాళ్ళు ఎవరిని అడిగినా ఒకటే మాట: "ముందు ఆ బార్ పీకేయ్." కారణం సులువుగానే అర్థమవుతుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఈ కడ్డీ తనని పట్టి ఉంచే రబ్బరు తొడుగుల్లో, అంటే బుష్‌లలో, ఊరికే తిరుగుతుంది, ఏ పనీ చెయ్యదు. ఒక చక్రం లేచి రెండోది దిగాల్సి వచ్చినప్పుడు మాత్రం మెలిపడి "నువ్వు దిగడానికి వీల్లేదు" అంటుంది. రోడ్డు మీద మలుపులో అది మంచిదే, బండి ఒరగదు. రాళ్ళ బాటలో అయితే దిగాల్సిన చక్రం గాలిలో వేలాడుతుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్లు) ఉన్న బండికి చక్రం గాలిలో ఉందంటే ఇంజన్ బలమంతా ఆ చక్రాన్ని ఉత్తినే తిప్పడానికే పోతుంది. నేల మీదున్న చక్రం కదలదు.

నాన్నకు ఫోన్‌లో చెబితే నవ్వారు. "స్టెబిలైజర్ రాడ్డా? మీ బాబాయి జీపుకు అలాంటిది ఉన్నట్టు నాకు గుర్తు లేదురా. ఇరవై ఏళ్ళు తోలాడు." నిజమే కానీ బాబాయి జీపుకి ముందూ వెనకా కమాన్ పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు. ఆ పట్టీలే బండిని కొంతవరకు ఒరగనివ్వవు. చెరొకీకి వెనక పట్టీలున్నా, ముందు కాయిల్ స్ప్రింగులు. గతుకుల్లో సుఖంగా ఉండాలని వాటిని మెత్తగా పెట్టారు. ఆ మెత్తదనానికి మలుపుల్లో పగ్గం వేసేది ఈ కడ్డీయే. ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే నాన్న మాట పట్టుకుని అంత ధైర్యం చేసేవాణ్ణి కాదు.

2017 ఆగస్టులో అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. కొండ పూలు చూపిద్దామని లేక్ సిటీ తీసుకెళ్ళాం. అక్కడి నుంచి 12,640 అడుగుల సినమన్ పాస్ అనే కనుమ ఎక్కి, అవతల యానిమాస్ ఫోర్క్స్ అనే పాడుబడ్డ గని ఊరు చూసి రావాలని ప్లాన్. బాట మొదట్లో బండి ఆపి, చాప పరుచుకుని, కింద దూరాను. బార్‌ని యాక్సిల్‌కి, అంటే చక్రాల ఇరుసుకి, కలిపే లింకులు రెండుంటాయి, అటొకటి ఇటొకటి. కింది బోల్టు తల మామూలు ఆరు పలకలది కాదు, నక్షత్రం ఆకారపు గుంట ఉంటుంది. టి55 సైజు బిట్ కావాలి. అది తెచ్చుకున్నాను. ఎడమ బోల్టు పది నిమిషాల్లో వచ్చింది. కుడిది రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ బండి. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి మెగ్నీషియం క్లోరైడ్ కొడతారు, అదంతా బోల్టుని కౌగిలించుకుని కూర్చుంది. గట్టిగా లాగితే బోల్టు గుంట అరిగి గుండ్రంగా తయారైంది. తప్పు తయారుచేసిన వాళ్ళది అనలేను, ఎన్ని చలికాలాలని తట్టుకుంటుంది పాపం. విజయవాడ ఆటోనగర్‌లో అయితే గ్యాస్ మంటతో ఐదు నిమిషాల పని. కొండ మొదట్లో ఆ మంట ఎక్కడిది?

అప్పుడు వెలిగింది. ఒక పక్క ఊడినా చాలు, కడ్డీ పని చెయ్యదు! రెండు చివరలూ పట్టి ఉంటేనే కదా మెలిపడేది. ఎడమ లింకు కింది కొస ఊడిపోయింది కాబట్టి అది బార్ చివర వేలాడుతోంది. సామాను కట్టే నైలాన్ తాడుతో దాన్ని పైకి లాగి కట్టేశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఆ రోజు ప్రయాణం మాత్రం చెప్పుకోవాలి. అంతకు ముందు ఇలాంటి బాటలో ఒక చక్రం రాయెక్కితే బండి మొత్తం పక్కకి ఊగి, కిటికీకి తల కొట్టుకునేది. ఇప్పుడు చక్రం ఎక్కుతోంది, దిగుతోంది, మనం మాత్రం కుదురుగా ఉన్నాం. అత్తగారు ఫ్లాస్కులోంచి కప్పులోకి టీ పోసుకున్నారు, బండి కదులుతుండగానే! ఆ రాత్రి కేబిన్‌లో కూర్చుని పాత జీపులున్న నలుగురు ఫ్రెండ్స్‌కి మెసేజ్ పెట్టాను: "ఆలోచించకుండా పీకేయండి. బండికి ప్రాణం లేచొచ్చింది."

ఈ నలుగురిలో ముగ్గురికి నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ. నాలుగో అతను తన బండిని ట్రెయిలర్ మీదే కొండ దాకా తీసుకెళ్తాడు, అతనికి సరిపోయింది.

పొద్దున్నే ఇంటికి బయల్దేరాం. ఎడమ లింకు బిగించాలన్న సంగతి నాకు గుర్తే లేదు. పైన క్యారియర్ మీద టెంటు, ఐస్ బాక్సు, రెండు నీళ్ళ క్యాన్లు. 149 రోడ్డు మీద వంకర్లు తిరుగుతుంటే మా ఆవిడ, "ఏవండీ, బండి ఏదో తేడాగా లేదూ?" అంది. సామాను బరువులే అన్నాను. గన్నిసన్ దాకా నేరుగా ఉన్న రోడ్డులో తేడా తెలియదు. ఇదే ఈ కడ్డీతో వచ్చిన చిక్కు. నేరుగా పోతున్నంత సేపు అది ఉన్నా లేకపోయినా ఒకటే.

మోనార్క్ పాస్ శిఖరం 11,312 అడుగులు. అది దాటి తూర్పు వైపు దిగుతుంటే, ఒక మలుపు చివర లేడి ఒకటి రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. రోజూ నడిపే వేగంలోనే ఉన్నాను. స్టీరింగ్ కుడికి తిప్పాను. బండి వెంటనే తిరగలేదు. ముందు ఎడమకి ఒరిగింది, ఒరిగి ఒక్క క్షణం ఆగింది, ఆ తర్వాత తిరిగింది. అంతవరకు ఫరవాలేదు. మళ్ళీ నా వరుసలోకి రావడానికి ఎడమకి తిప్పినప్పుడు ఒరిగింది చూడండి, అది అసలు ఒరుగుడు. మొదటి ఊపు ఇంకా తీరకముందే రెండోది దాని మీద ఎక్కింది. పడవ ఒక అలకి లేచి ఇంకో అలకి పడ్డట్టు. పైన ఐస్ బాక్సులో గాజు సీసాలు గలగలమన్నాయి. వెనక నుంచి అత్తగారు "బాబూ!" అని ఒక్క మాట అన్నారు, అంతే. లేడి వెళ్ళిపోయింది. బండి పడలేదు, చక్రాలు లేవలేదు, ఉన్నదున్నట్టు చెప్పాలి. కానీ నా చేతులు కొండ దిగేదాకా వణుకుతూనే ఉన్నాయి.

పాంచా స్ప్రింగ్స్‌లో పెట్రోలు పోయించడానికి ఆగి కిందకి వంగి చూశాను. తాడు తెగిపోయి ఉంది. లింకు వేలాడుతోంది. టైరు లోపలి వైపు రబ్బరు మీద మెరుస్తున్న గాడి, వేలు పట్టేంత. లింకు ఊగే దారిలోనే, ఒక అంగుళం అవతల, బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం.

నేను చూసుకోనిది ఇదీ. కుడి పక్క ఇంకా యాక్సిల్‌కి పట్టి ఉంది కాబట్టి, కుడి చక్రం కదిలినప్పుడల్లా కడ్డీ కూడా కదులుతుంది. ఎడమ చివర ఉన్న లింకూ దానితో పాటే కదులుతుంది. రోజంతా తాడు ఒరుసుకుని ఒరుసుకుని తెగింది. ఆ లింకు పై నట్టు కూడా విప్పి మొత్తం తీసేసి డిక్కీలో పడేసి ఉంటే ఏ గొడవా లేదు. ఒక్క నట్టు! ఆ పెట్రోలు బంకు దగ్గరే, సిమెంటు మీద పడుకుని, ఎడమ బోల్టు బిగించాను. అక్కడి నుంచి ఇంటి దాకా 285 రోడ్డు మీద మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. బండి మాత్రం బుద్ధిగా వచ్చింది.

ఇంటికొచ్చాక కుడి బోల్టు కోయించి, పనిలో పనిగా బుష్‌లు కూడా మారుద్దామని ఒక షాపులో ఇచ్చాను. బార్‌ని ఛాసిస్‌కి పట్టించే బ్రాకెట్ బోల్టుల్లో ఒకటి పుటుక్కున విరిగి, ముక్క లోపలే ఉండిపోయింది. "దొరికినప్పుడు చేస్తాం" అన్నారు ఆ షాపు వాళ్ళు. ఆ "దొరికినప్పుడు" ఐదు నెలలు సాగింది. ఆ చలికాలమంతా బార్ లేకుండానే ఆఫీసుకి తిరిగాను. అలవాటు పడతామన్న మాట అబద్ధం కాదు. ఊళ్ళో నలభై మైళ్ళ వేగం లోపు ఏమీ అనిపించదు. ఐ-25 మీద పక్కగాలి వీచినప్పుడు, హైవే ఎక్కే గుండ్రటి ర్యాంపుల్లో మాత్రం ప్రతిసారీ ఆ లేడి గుర్తొచ్చేది. చివరికి నేనే ఎడమకి తిరిగే డ్రిల్ బిట్ కొని, తుప్పు వదిలించే నూనె మూడు రాత్రులు పోసి, ఆ ముక్కని బయటికి లాగాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సినమన్ పాస్ మీద నేను అంతగా మురిసిపోయిన ఆ సుఖం అంతా బార్ విప్పడం వల్ల వచ్చింది కాదు. ఆ రోజే మొదటిసారి టైర్ల గాలి కూడా 18 పౌండ్లకి తగ్గించాను. తర్వాతి ఏడాది అదే బాటలో బార్ బిగించి, గాలి మాత్రం తగ్గించి వెళ్ళాను. సగానికి పైగా సుఖం అలాగే ఉంది. తల ఊగడం కొంచెం ఎక్కువ, అంతే. నిజంగా బార్ విప్పాల్సిన చోటు నాకు యూటాలో ఎలిఫెంట్ హిల్ దగ్గర దొరికింది. రాతి మెట్లు, ఒకచోట బండిని వెనక్కి నడుపుకుంటూ వెళ్ళాల్సిన మలుపు. అక్కడ బార్ ఉంటే చక్రం గాలిలో గిర్రున తిరిగింది, విప్పితే నేలని పట్టుకుంది. అలాంటి చోట్లకి నేను ఏడాదికి ఒకసారి పోతే ఎక్కువ.

భయం తగ్గని రోజుల్లో ఇంకా లావు బార్ వేయిద్దామా అని కూడా చూశాను. కడ్డీ మందం 24 మిల్లీమీటర్ల నుంచి 27కి పెరిగితే, మిగతా కొలతలు మారకపోయినా బిగువు 1.6 రెట్లు అవుతుంది. మందాన్ని నాలుగుసార్లు వేసి (మందం × మందం × మందం × మందం) గుణించే లెక్క అది. రోడ్డుకి బాగానే ఉంటుంది, గతుకుల్లో నడుం విరుగుతుంది. మానేశాను. ఈ బండి వచ్చిన రోజుల్లో బోల్తా భయం అమెరికాలో పెద్ద వార్త. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక సుజుకి సమురాయ్‌ని, అంటే మన జిప్సీకి దగ్గరి చుట్టాన్ని, పనికిరాదని రాసింది. సుజుకి కోర్టుకెక్కింది, ఆ దావా 2004లో రాజీతో ముగిసింది. ఎవరిది ఒప్పో నేను తేల్చను. కానీ ఆ రోజుల్లో ఒక కుటుంబం ఎక్కే బండికి ఈ కడ్డీ పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదని మాత్రం నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. బార్ ఫ్యాక్టరీదే. లింకులు మాత్రం పిన్ను లాగితే ఊడేవి వేశాను, బాట మొదట్లో రెండు పక్కలా కలిపి ఐదు నిమిషాల పని. కొత్త లింకుల్లో సన్నగా టకటక చప్పుడు వస్తుంది, అది నాకు నచ్చదు. పాలీయురెథేన్ బుష్‌లు వేస్తే చలిలో కీచుమన్నాయి, మళ్ళీ రబ్బరుకే వచ్చాను. కొత్త రాంగ్లర్ రూబికాన్‌లో 2007 నుంచి లోపల కూర్చునే బటన్ నొక్కి బార్ విడదీయొచ్చు, వేగం 18 మైళ్ళు దాటితే తనంతట తనే కలుస్తుంది. ఆ బండి కొనే స్తోమత నాకు లేదు కానీ, నాలాంటి మతిమరుపు మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినట్టుంది.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది నా పరిస్థితికి మాత్రమే. నా బండి ఎత్తు దాదాపు ఫ్యాక్టరీ ఎత్తే. పది మైళ్ళు నడిపితే ఎనిమిది తారు రోడ్డు మీదే. వెనక పిల్లలు, పైన సామాను. ఇలా అయితే బార్ ఉంచండి. ముందు కూడా కమాన్ పట్టీలున్న పాత బండి అయితే, ట్రెయిలర్ మీద తీసుకెళ్ళేదైతే లెక్క వేరు, ఆ లెక్క నాకు రాదు. ఏది చేసినా, విప్పే ముందు రోజే ఇంటి దగ్గర ఆ బోల్టులు ఒకసారి వదులు చేసి, గ్రీజు రాసి మళ్ళీ బిగించుకోండి.

పిన్నులు లాగినప్పుడల్లా స్టీరింగ్‌కి ఒక ఎర్ర రిబ్బను కట్టడం అలవాటు చేసుకున్నాను. అది విప్పందే హైవే ఎక్కను. మొన్న జూన్‌లో మళ్ళీ సినమన్ పాస్ వెళ్ళి, లేక్ సిటీ నుంచి అత్తగారికి వీడియో కాల్ చేశాం. పూలు చూపిస్తుంటే మధ్యలో ఆపి అడిగారు, "ఆ కడ్డీ బిగించావా బాబూ?"

రిబ్బను ఇంకా స్టీరింగ్ మీదే ఉంది. చాప తీసుకుని కిందకి దూరాను.