రియాద్‌లో ఒంటరి ఆడపిల్లకు ఏది మేలు: హాస్టలా, కాంపౌండా, ఫ్లాటా?

మా ఆస్పత్రి హాస్టల్ గేటు దగ్గర బల్లమీద నీలం అట్ట రిజిస్టర్ ఒకటి ఉండేది. పేరు, రూమ్ నంబరు, ఎక్కడికి, ఎవరితో, వెళ్లిన టైము, వచ్చిన టైము, సంతకం. మొత్తం ఏడు గడులు. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారం కట్టి బల్లకు ముడేశారు. 2016 చివర్లో రియాద్‌లో స్టాఫ్ నర్సుగా చేరిన రోజు నుంచి నాలుగేళ్లు ఆ గడులు నింపుతూనే ఉన్నాను.

ఆ నాలుగేళ్లలో గేటు బయట ఊరు గుర్తుపట్టలేనంత మారిపోయింది. నేను వచ్చేసరికే మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. 2018 ఏప్రిల్‌లో సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. అదే ఏడు జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడపడం మొదలుపెట్టారు. 2019 డిసెంబరులో హోటళ్లలో ఫ్యామిలీలకు ఒక ద్వారం, సింగిల్స్‌కు ఒక ద్వారం ఉండి తీరాలన్న నిబంధన పోయింది. నేను హాస్టల్ వదిలాక, 2021 జూన్‌లో, పెళ్లికాని స్త్రీ తండ్రి, అన్నదమ్ముల అనుమతి లేకుండా విడిగా ఉండొచ్చని చట్టమే మార్చారు. ఇన్ని మారినా రిజిస్టర్‌లో ఒక్క గడి తగ్గలేదు. నా తర్వాత చేరిన అమ్మాయిలు కూడా ఆ ఏడూ నింపారు.

వెళ్లబోయే అమ్మాయిలు ఫోన్ చేసి "అక్కా, సౌదీ ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. "ముందు కాంట్రాక్టులో అకామడేషన్ గురించి ఏం రాశారో చదువు" అంటాను. ఒంటరి ఆడదానికి అక్కడ రోజు ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఉండే ఇంటిమీదే ఉంటుంది. గేటు తాళం ఎవరి చేతిలో ఉంది? ఒంట్లో బాగోలేని రాత్రి తలుపు తట్టేది ఎవరు? ఏ ఇంటినైనా నేను ఈ రెండు ప్రశ్నలతోనే చూస్తాను.

హాస్టల్‌ను తీసిపారేయను. కొత్తగా దిగిన అమ్మాయికి అంతకంటే నిశ్చింత ఇంకోటి లేదు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, డ్యూటీకి బస్సు గుమ్మం ముందుకే వస్తుంది. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, చేతికి రావడానికి టైము పడుతుంది. అది లేనిదే బ్యాంకు ఖాతా తెరవలేం, ఇల్లు అద్దెకు తీసుకోలేం. ఆ రోజులు గడవాలంటే హాస్టలే దిక్కు. అలమ్ అంటే నొప్పి అని కూడా తెలియకుండా వార్డులో నిలబడ్డ నాకు అరబిక్ నేర్పింది పక్క మంచం మలయాళీ చేచీ. జ్వరమొస్తే కంజి కాచి, రెండు గంటలకోసారి లేపి తాగించింది కూడా ఆమే. ఇంటి అప్పు తీర్చాలి, జీతంలో ప్రతి రియాల్ పంపాలి అనుకునేవాళ్లకు లెక్క కుదిరేది కూడా ఇక్కడే.

కానీ పది గంటలకు గేటు మూస్తారు. ఒక ఏడు మన తెలుగువాళ్లు ఊరి చివర ఇస్తరాహా అద్దెకు తీసుకుని ఉగాది చేశారు. ఇస్తరాహా అంటే ప్రహరీ లోపల తోట, హాలు ఉండే విడిది. ప్రవాసుల పండగలన్నీ ఎక్కువగా అలాంటి చోట్లే జరుగుతాయి. వంట ఆలస్యమై భోజనాలు తొమ్మిదిన్నరకు మొదలయ్యాయి. నేను విస్తరి ముందు కూర్చోకుండానే టాక్సీ ఎక్కాను. అయినా పది నిమిషాలు ఆలస్యమైంది. మర్నాడు ఆఫీసుకు పిలిచి సంజాయిషీ రాయించుకున్నారు. రిజిస్టర్‌లో "ఎవరితో" అన్న గడిలో నేను "తెలుగు ఫ్యామిలీలు" అని రాసిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. ఐసీయూలో వెంటిలేటర్లు చూసుకునే నేను ఆ సున్నా పక్కన సంతకం పెట్టాను. ఆ రోజు పడిన అవమానం నాకు ఇంకా తగ్గలేదు.

టైము కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. హాస్టల్లో ఉద్యోగమూ గదీ ఒకరి చేతిలోనే ఉంటాయి. మా రూమ్‌మేట్‌కు ఓవర్‌టైమ్ డబ్బు చాలా నెలలు రాలేదు. లేబర్ శాఖ ఫిర్యాదుల నంబరు 19911 అని అరచేతిలో రాసుకుంది కూడా. "రేపు గది ఖాళీ చేయమంటే ఎక్కడ పడుకోను?" అంది, చెయ్యి కడిగేసుకుంది. ఉచితంగా వచ్చిన గదికి ఆమె కట్టిన అద్దె అదే.

ఇక కాంపౌండ్. ఎత్తయిన గోడల మధ్య విదేశీయుల కోసం కట్టిన చిన్న కాలనీ అనుకోండి. 2003 మేలో రియాద్ కాంపౌండ్లమీద బాంబు దాడులు జరిగాక గేట్లు, కాంక్రీటు దిమ్మెలు, తనిఖీలు బాగా పెరిగాయి. నా స్నేహితురాలు ఒకామె ఇంటర్నేషనల్ స్కూల్లో టీచరు. స్కూలు వాళ్లే ఆమెకు కాంపౌండ్‌లో ఇల్లు ఇచ్చారు. సెలవు దొరికినప్పుడు వెళ్లేదాన్ని. ఆమె ముందుగా నా పేరు గేటులో చెప్పి ఉంచాలి, నేను అకామా అక్కడ ఇచ్చి పాస్ తీసుకోవాలి. ఆ గేటు దాటి నాలుగడుగులు వేశాక, బట్టలమీద ఒళ్లంతా కప్పేలా వేసుకునే అబాయా విప్పి బ్యాగులో పెట్టుకునేదాన్ని. ఈత కొలను, జిమ్, కిరాణా కొట్టు అన్నీ లోపలే. ఆడవాళ్లు టీషర్టు వేసుకుని రోడ్డుమీద పరుగెత్తడం రియాద్‌లో నేను మొదట చూసింది అక్కడే.

2016లో ఆ నాలుగడుగుల కోసం ఎంతైనా ఇవ్వొచ్చనిపించేది. ఇప్పుడు అలా అనను. ఒళ్లు కప్పేలా మర్యాదైన బట్టలుంటే చాలు, అబాయానే వేసుకోవాలని లేదని 2018లో యువరాజే చెప్పారు. మాల్స్‌లో వదులు కుర్తీ, ప్యాంటుతో తిరిగే విదేశీ ఆడవాళ్లు ఇప్పుడు మామూలే. గోడ లోపల మాత్రమే దొరికిన గాలి కొంత బయట కూడా దొరుకుతున్నప్పుడు, గోడకు అంత డబ్బు పోయడం దండగ. కంపెనీ ఇస్తే హాయిగా ఉండండి. సొంత జేబులోంచి అయితే నర్సు జీతానికి అది అందదు, అందినా నేను వద్దనే అంటాను. అక్కడ ఉండేవి ఎక్కువగా కుటుంబాలు. వారాంతం వస్తే ఎవరి పిల్లలు, ఎవరి బార్బెక్యూ వాళ్లది. ఎదురింటివాళ్ల పేరేమిటో తెలియకుండానే ఏడాది గడిచిందని నా స్నేహితురాలు చెప్పింది. ఇంతా చేసి అక్కడా గేటు ఉంది, అక్కడా అతిథుల పేర్లు రాస్తారు.

2020లో నేనూ, ఇద్దరు మలయాళీ నర్సులూ కలిసి రియాద్‌లోనే మలజ్ అనే పేటలో ఫ్లాట్ తీసుకున్నాం. హాస్టల్ వదిలితే ఆస్పత్రి హౌసింగ్ అలవెన్స్ ఇస్తుంది. మామూలుగా బేసిక్‌లో నాలుగో వంతు వస్తుంది. మూడు అలవెన్సులు కలిపితే అద్దె సరిపోయింది. ఒక్కరే తీసుకుంటే జీతంలోంచి పెట్టుకోవాల్సిందే.

దొరకడం మాత్రం అంత తేలిక కాదు. చట్టం ఒప్పుకున్నా ఓనరు ఒప్పుకోవాలిగా! చాలా బిల్డింగుల మీద "లిల్ అవాయిల్ ఫఖత్", అంటే ఫ్యామిలీలకు మాత్రమే అని బోర్డు ఉంటుంది. పెళ్లికాని మగవాళ్లను దూరంగా పెట్టడానికి పెట్టిన బోర్డు అది, కానీ ఆడవాళ్లం అడిగినా ముందు దాన్నే చూపిస్తారు. ఫోన్‌లో కాదన్న ఇద్దరు ఓనర్లు, ఆస్పత్రి ఐడీ మెడలో వేసుకుని ముగ్గురం స్వయంగా వెళ్లి కనిపిస్తే మెత్తబడ్డారు. నర్సులంటే అక్కడ గౌరవం ఉంది, ఆ మాట చెప్పుకోవాలి. అద్దె ఆరు నెలలదో ఏడాదిదో ఒకేసారి అడుగుతారు కాబట్టి చేతిలో డబ్బు ఉంచుకుని దిగాలి. ఒప్పందం ఎజార్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ అద్దె ప్లాట్‌ఫామ్‌లో రిజిస్టర్ కావాలి. 2024 జనవరి నుంచి ఇళ్ల కొత్త ఒప్పందాల అద్దె కూడా అందులోనే డిజిటల్‌గా కట్టాలి. ఇది మనకే మంచిది, రేపు తగువొస్తే కాగితం మాట్లాడుతుంది. ఒప్పందం ఒక్కరి పేరున ఉంటే బాధ్యతంతా ఆమెదే. మిగతా ఇద్దరూ మధ్యలో వెళ్లిపోతే ఏం చేయాలో ముందే కూర్చుని రాసుకోండి. స్నేహం చెడేది ఇక్కడే.

ఫ్లాట్‌లో మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. తాళం చెవి నా చేతిలో ఉందన్న సంతోషమూ ఉంది, భయమూ ఉంది. తొందరలోనే నాకు బాగా జ్వరం తగిలింది. మిగతా ఇద్దరికీ నైట్ డ్యూటీ. బాత్రూమ్ నుంచి మంచం దాకా గోడ పట్టుకుని వచ్చి, ఎవరికి ఫోన్ చేయాలా అని పేర్లు తిప్పుతూ కూర్చున్నాను. చివరికి కింద వాటాలో ఉండే సిరియా ఆంటీ గుర్తొచ్చారు. లిఫ్ట్ దగ్గర సలాం చెప్పుకోవడమే పరిచయం. ఆవిడ కందిపప్పులాంటి అదస్ సూప్ గిన్నెతో వచ్చి తెల్లారేదాకా కూర్చున్నారు. ఆ తర్వాత రంజాన్ నెలంతా సాయంత్రం మా గుమ్మంలో ఏదో ఒక గిన్నె ఉండేది. హాస్టల్లో నాలుగేళ్లున్నా ఒక్క అరబ్బు కుటుంబంతో మాట కలవలేదు నాకు.

ఫ్లాట్ అంటే ఇష్టారాజ్యం అని మాత్రం అనుకోవద్దు. ఇంటికి మగవాళ్లను, స్నేహితుడైనా, తోటి ఉద్యోగి అయినా, పిలవకండి. పెళ్లి బయట సంబంధం అక్కడ నేరం. అలాంటిదేమీ లేకపోయినా ఎవరో ఒకరు అనుమానపడితే నలిగేది మనమే. మగ స్నేహితులను కలవాలంటే కాఫీ షాపులున్నాయి. నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది సౌదీలు కాదు, మనవాళ్లే. "ఆ ముగ్గురూ విడిగా ఎందుకుంటున్నారో" అన్న మాట ముందు మన ఫ్యామిలీల వాట్సాప్ గ్రూపుల్లోనే పుట్టింది.

తెలిసిన ఫ్యామిలీ ఇంట్లో ఒక గది తీసుకోవచ్చు కదా అంటారు. ఒకటి రెండు నెలలకు సరే. అంతకు మించితే ఒప్పందంలో మన పేరుండదు, పిల్లల్ని చూసుకోవడం మన పనవుతుంది, గంటల లెక్క మళ్లీ వస్తుంది.

పరిచయాల విషయంలో ఇంటితో పాటు దారి కూడా చూడాలి. హాస్టల్ బస్సు వారానికోసారి మాల్‌కు తీసుకెళ్లి రెండు గంటల్లో తిరిగి ఎక్కించుకునేది. రెండు గంటల్లో కూరగాయలు కొంటాం, స్నేహాలు కలుపుకోలేం. 2024 డిసెంబరు 1న మెట్రో మొదలయ్యాక ఆ కష్టం చాలావరకు తీరింది. ఆరు లైన్లు, 85 స్టేషన్లు, నాలుగు రియాళ్ల టికెట్‌తో రెండు గంటలు తిరగొచ్చు. ఫ్యామిలీ క్లాసులో ఒంటరి ఆడవాళ్లూ కూర్చోవచ్చు. నా కొత్త రూమ్‌మేట్ ప్రతి శుక్రవారం సాయంత్రం అందులోనే తన లైబ్రరీకి, నడక గ్రూపుకు వెళ్తోంది.

నన్నడిగితే మొదటి ఏడాది హాస్టల్లో ఉండండి. భాష, అకామా, నాలుగు డబ్బులు, నమ్మకమైన ఇద్దరు స్నేహితురాళ్లు అక్కడే దొరుకుతారు. ఆ తర్వాత ఆ ఇద్దరితో కలిసి ఫ్లాట్‌కు మారండి. ఒక్కరే ఉండే ఫ్లాట్‌ను, జ్వరం వచ్చిన ఆ రాత్రి తర్వాత, నేనెవరికీ చెప్పను.

ఫ్లాట్ చూడటానికి పగలు ఒకసారి, రాత్రి ఇషా నమాజు అయ్యాక ఇంకోసారి వెళ్లండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, మెట్రో నుంచి నడిచే దారిలో తెరిచి ఉండే బకాలా కొట్టు ఉందా చూడండి. బిల్డింగ్ కాపలా చూసే హారిస్‌తో కాసేపు మాట్లాడండి. అతని దగ్గర మీ ఇంటి రెండో తాళం చెవి ఉంటుందేమో అడగండి. ఉంటుందంటే, సంతకం పెట్టే ముందే తాళం మార్పించమని ఓనరుకు చెప్పండి. మేం చెప్పాం, మార్పించాడు. మూడు చెవులు ఇచ్చాడు, తలా ఒకటి.