50 ఎంఎం 1.8 లెన్స్: మూడేళ్ల వాడకం, బోలెడు ఇసుక

మా నాన్నకి కెమెరా కనబడితే చాలు, బిగుసుకుపోతారు. చేతులు రెండూ పక్కలకి అతుక్కుంటాయి, గడ్డం కాస్త పైకి లేస్తుంది, అప్పటిదాకా ఉన్న నవ్వు మాయమవుతుంది. "ఊఁ, తియ్యి తియ్యి" అంటారు పెదవులు కదలకుండా. ముప్పై ఏళ్ల ఆల్బమ్‌లు తిరగేసినా ఆయనది అదే పాస్‌పోర్ట్ ఫొటో వాలకం. మారింది జుట్టు ఒక్కటే.

ఈ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొన్నది ఒక రకంగా ఆయన కోసమే. (ఎఫ్ పక్కన అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్తుంది; అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు.) మూడేళ్లుగా వాడుతున్నాను, ఎక్కువగా సాయంత్రాలు, బీచ్‌లో. నా కెమెరాలో ఉన్నది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కన్నా చిన్నది. దాని మీద ఇది ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 75 ఎంఎం లెన్స్ ఎంత చూపిస్తుందో అంతే చూపిస్తుంది. మనిషిని తల నుంచి పాదాల దాకా నిలువు ఫ్రేములో పట్టించాలంటే ఓ పదిహేను అడుగులు వెనక్కి వెళ్లాలి. ఇంట్లో అయితే వీపు గోడకి తగులుతుంది, విసుగొస్తుంది. ఇసుకలో గోడలుండవు. పైగా పదిహేను అడుగుల దూరంలో ఉన్న నన్ను నాన్న పట్టించుకోరు. షట్టర్ చప్పుడు అలల హోరులో కలిసిపోతుంది.

నేను తీసినవాటిలో నాకు బాగా నచ్చిన ఫొటో అలా దొరికిందే. నాన్న ఒక చేత్తో ప్యాంటు మడుచుకుంటూ, రెండో చేత్తో మా మేనల్లుడి భుజం పట్టుకుని ఉన్నారు. అల వచ్చి ఆయన ఎడమ కాలి చెప్పు లాక్కుపోయింది. "ఒరేయ్, పట్టుకోరా!" అని ఒక్క అరుపు. సగం మడిచిన ప్యాంటు, ఒంటి చెప్పుతో పరుగు, నోరు బార్లా తెరుచుకుని. వెనకాల వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పడీపడీ నవ్వుతున్నాడు. పన్నెండు ఫ్రేములు కొట్టాను, ఒక్కటి కుదిరింది. అందులో ఆయన మడమ దగ్గర లేచిన నీటి తుంపర కూడా చుక్కచుక్కగా నిలిచింది. షట్టర్ వేగం 1/800 సెకను దగ్గర పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. పరిగెత్తే పిల్లలున్నప్పుడు 1/500 కన్నా కిందికి దిగను.

ఇక తిట్లు. మొదటి సాయంత్రం "1.8 ఉంది కదా" అని అన్నీ దాని మీదే తీసేశాను. మూడు మీటర్ల దూరంలో 1.8 పెడితే షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 26 సెంటీమీటర్లే, అంటే జానెడు కన్నా కాస్త ఎక్కువ. ఇంటికొచ్చి చూస్తే మేనల్లుడి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు, వాడి వెనకున్న అమ్మ ముఖం మాత్రం మసక. ఇద్దరున్నప్పుడు ఇప్పుడు ఎఫ్/4కి వెళ్తున్నాను, లోతు రెట్టింపు దాటుతుంది. ఇంకోటి, 1.8 దగ్గర అల నురగ అంచుల్లో ఊదారంగు జీర కనిపిస్తుంది. 2.8కి వెళ్తే చాలావరకు తగ్గుతుంది. సూర్యుడు నేరుగా ఎదురుగా ఉంటే ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంది, ఫొటో పాలిపోతుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ తొడుగు) పెట్టుకుని, సూర్యుడిని ఎవరి తల వెనకైనా దాచేస్తే కొంత నయం. ఆకాశం వెలుగు చూసి కెమెరా మోసపోయి ముఖాలు నల్లగా తీస్తుంది, అది లెన్స్ తప్పు కాదు. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచుకోవాలి, అంతే.

దీనికి పెట్టిన డబ్బుకి న్యాయం జరిగేది మాత్రం సూర్యుడు మునిగాక. అందరూ సెల్ఫీలు ముగించి సర్దుకునే ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో నీడలుండవు, కళ్లు చికిలించే పని ఉండదు, ఇసుకలో చతికిలబడి మాట్లాడుకుంటుంటారు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ 50 దగ్గర 5.6 మించి తెరుచుకోదు. దాంతో పోలిస్తే 1.8 దగ్గర దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. దానికి ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె, పెరిగేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది) 6400 కావాల్సిన చోట దీనికి 640 చాలు. అక్క ఒళ్లో తల పెట్టుకుని అమ్మ కళ్లు మూసుకున్న ఫొటో అలాంటి వెలుతురులోనిదే. పాత లెన్స్‌తో తీసి ఉంటే చర్మం మీద ఇసుక చల్లినట్టు ఉండేది.

ఇసుక అంటే గుర్తొచ్చింది. ఈ లెన్స్‌కి దుమ్మూ తేమా లోపలికి పోకుండా సీలింగ్ ఏమీ లేదు. ఫోకస్ రింగు తిప్పితే ఇప్పుడు సన్నగా గరగరమంటుంది, రెండో ఏడు నుంచీ అంతే. బీచ్‌లో లెన్స్ మార్చే పని అస్సలు పెట్టుకోకండి, ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్లండి. ఒకసారి గంటసేపు తీశాక ఫొటోలన్నీ పొగపట్టినట్టు రావడం మొదలైంది. లెన్స్‌కి ఫంగస్ పట్టిందని ఒకటే టెన్షన్. తీరా చూస్తే గాలికి ఎగిరొచ్చిన ఉప్పు నీటి తుంపర ముందు అద్దం మీద పొరలా ఎండిపోయింది. పొడి గుడ్డతో రుద్దేస్తే ఇసుక రేణువులు అద్దాన్ని గీకుతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచాను. మళ్లీ మామూలైంది.

గ్రూప్ ఫొటోకి దీన్ని నమ్ముకోకండి. ఏడుగురిని పట్టించబోయి వెనక్కి నడుస్తూ నడుస్తూ మోకాలి లోతు నీళ్లలోకి వెళ్లాను. "అత్తా, ఫోన్‌తో తియ్యొచ్చుగా" అన్నాడు మేనల్లుడు. వాడన్నది నిజమే. ఇలా దూరం నుంచి ఒకరిద్దరిని తీయడానికైతే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లు 85 ఎంఎం చూసుకోవచ్చు.

పోయిన నెల నాన్నకి నా మీద జాలేసింది. "నీ ఫొటో ఒక్కటీ లేదు కదమ్మా, ఇలా ఇవ్వు" అని కెమెరా తీసుకున్నారు. "నిటారుగా నిలబడు. చేతులు పక్కకి. గడ్డం కొంచెం పైకెత్తు." తీశారు. సముద్రం ఎడమ పక్కకి ఒలికిపోతున్నట్టుంది, నా పాదాలు ఫ్రేములో లేవు. ఫోకస్ మాత్రం సరిగ్గా కంటి మీదే పడింది.