పలచటి పిస్టల్, పత్తి నూగు: .32 బోరుతో నా అనుభవం

నడుముకు పెట్టుకుని పొద్దంతా తిరగవలసిన పిస్టల్‌కు మొదట ఉండవలసిన గుణం పలచదనం. గురి, తూటాల సంఖ్య, తయారీదారు పేరు అన్నీ తరువాతి సంగతులు. నా .32 బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత) పిస్టల్ మందం దాదాపు ఒక అంగుళం. అంతకుముందు వాడిన రివాల్వర్‌ మందం, తూటాలు ఉండే చక్రం దగ్గర ఒకటింబావు అంగుళానికి పైనే ఉండేది. కాగితం మీద చూస్తే ఇదీ ఒక తేడాయేనా అనిపిస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాల మధ్య వంగి లేస్తూ, కాంటా దగ్గర నిలబడి, మధ్యాహ్నం కింద కూర్చుని తక్‌పట్టీలు (అమ్మకం లెక్కల చీటీలు) రాసుకుంటూ గడిపే అడ్తిదారును, అంటే రైతుల సరుకు అమ్మించే కమీషన్ వ్యాపారిని నేను. నాకు ఆ పావు అంగుళం చాలా పెద్దది. రివాల్వర్ ఉన్న రోజుల్లో చొక్కా కింద గుండ్రంగా ఏదో గడ్డ కట్టినట్టు కనిపించేది. రైతులు మర్యాదకు ఏమీ అనేవారు కాదు గానీ, ధర మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల చూపు అక్కడే ఉండేది. పిస్టల్‌కు మారాక ఆ చూపులు ఆగిపోయాయి. చాలాకాలం ఎవరు సలహా అడిగినా ఈ ఒక్క సంగతే చెప్పి, కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి. ఇప్పుడు కళ్లు తెరిచే కొనమంటున్నాను.

ఏ కర్మాగారానిదో రాయడం లేదు. నేను చెప్పబోయేవి నల్లపూత వేసిన ఉక్కు పిస్టల్ ఏదైనా ఒంటికి ఆనించుకుని తిరిగే వారందరికీ ఎదురయ్యేవే. విదేశీ వీడియోలు చూసి ఫలానా 9 ఎంఎం పిస్టల్ ఎలా ఉంటుందని నన్నడిగేవారు ఎక్కువయ్యారు. మన దేశంలో మామూలు లైసెన్సుదారుకు అది నిషిద్ధ బోరు, అంతటితో ఆ చర్చ ముగుస్తుంది. ఎప్పుడో దిగుమతి అయిన పాత విదేశీ .32 పిస్టళ్లు చేతులు మారుతూ లక్షల్లో పలుకుతాయి. వాటిని చూసి నేనూ ముచ్చటపడతాను. అంత డబ్బు పోసి కొన్నదాన్ని మే నెల చెమటలో నానబెట్టడానికి మాత్రం మనసొప్పదు. ఇంకొక తేడా ఉంది. ఆ వీడియోల్లో వందల తూటాలు కాల్చి, ఇది నమ్మకమైనదో కాదో తేలుస్తారు. మనకు లైసెన్సులో రాసినన్ని తూటాలే కొనుక్కునే వీలుంది, అందులో సగం సాధనకు ఖర్చు చేయాలంటేనే చెయ్యి వెనకాడుతుంది. కాబట్టి ఇక్కడ మనకున్న భరోసా ఎక్కువభాగం శుభ్రం చేసే గుడ్డ మీద, బ్రష్షు మీద నడుస్తుంది.

రివాల్వర్ నుంచి పిస్టల్‌కు మారేవారు గుర్తుంచుకోవలసింది ఒకటి. రెండింటినీ .32 అనే అంటారు గానీ తూటాలు వేరు. మన దగ్గర రివాల్వర్‌లో వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్టల్‌లో వాడేది .32 ఏసీపీ. బీరువాలో మిగిలిన పాత తూటాలు కొత్తదానికి పనికిరావు. ఈ మాట దుకాణంలో చెబుతారన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక పలచదనం తెచ్చిన తంటా. పలచటి వస్తువు ఒంటిని అతుక్కుని ఉంటుంది. రివాల్వర్ చక్రం ఉబ్బెత్తుగా ఉండటం వల్ల దాని చుట్టూ కొంత గాలి ఆడేది. పిస్టల్‌కు ఆ సందు లేదు. మిర్చి సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా నడుస్తుంది, యార్డులో మిర్చి ఘాటుకు తుమ్ములు, పైన ఎండ, లోపల చెమట. బనియను తడిసి, తొడుగు తడిసి, చివరికి ఉక్కు తడుస్తుంది. చెమటలోని ఉప్పు నల్లపూతను లెక్కచేయదు. తుప్పు మొదట కనిపించేది స్లైడ్ (పేల్చిన ప్రతిసారీ వెనక్కీ ముందుకూ జారే పైభాగం) మీద కాదు, పిడి చెక్కల మరల తలల మీద, వెనుక గురిబిళ్ల మొదట్లో. తోలు తొడుగు చూడటానికి దర్జాగా ఉంటుంది గానీ చెమటను పీల్చుకుని రాత్రంతా దాచి ఉంచుతుంది. పిస్టల్‌ను తోలు తొడుగులోనే బీరువాలో పెట్టి పడుకునేవారు ఒక్కసారి తీసి, ఒంటికి ఆనే వైపు వేలితో తడిమి చూడండి.

తుప్పుకు అందరికీ తెలిసిన మందు నూనె. నేనూ రాసేవాణ్ణి. పండగకు దేవుడి విగ్రహం మెరిసినట్టు మెరిసేది. అయితే అక్టోబరులో పత్తి వచ్చేసరికి ఆ నూనె తన పని మానేసి వేరే పని మొదలుపెట్టింది.

పత్తి సీజన్‌లో ఎనుమాముల ఎలా ఉంటుందో చూసినవారికి చెప్పనక్కర్లేదు. బస్తా విప్పి చెయ్యి పెట్టి తీసిన ప్రతిసారీ గాలిలోకి నూగు లేస్తుంది. కనుబొమల మీద, చొక్కా మడతల్లో, టీ గ్లాసులో, అన్నిచోట్లా అదే. ఆ సీజన్ ముగిశాక హైదరాబాద్‌లో ఒక షూటింగ్ రేంజ్‌లో సాధనకు వెళ్లాను. మొదటి తూటా చక్కగా పేలింది. రెండోది పేలాక స్లైడ్ వెనక్కి పోయి తిరిగి ముందుకు వస్తూ, చివర కాస్త దూరంలో ఆగిపోయింది. ట్రిగ్గర్ నొక్కితే అది చచ్చినట్టు పడి ఉంది. స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే ట్రిగ్గర్‌కు, లోపలి పనికి లంకె తెగిపోయేలా ఈ పిస్టళ్లను తయారుచేస్తారు, అది రక్షణ కోసమే. వెనుక నుంచి అరచేత్తో తడితే మూసుకుంది, పేలింది. మూడోసారి ఇంకో వింత. స్లైడ్ పూర్తిగానే మూసుకుంది, ట్రిగ్గర్ కదిలింది, టక్కుమన్న చప్పుడు వచ్చింది, తూటా పేలలేదు. పక్కనున్న శిక్షకుడు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కదలకుండా ఆగమన్నాడు. ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది కాబట్టి ఆ ఆగడం తప్పదు. తరువాత బయటికి తీసి చూస్తే, అడుగున ప్రైమర్ (దెబ్బ తగిలితే తూటాను అంటించే చిన్న బిళ్ల) మీద పడవలసినంత లోతు గాటు పడలేదు. గోరుతో గిచ్చినట్టు ఉంది.

కాగితపు బొమ్మ ఎదురుగా ఉన్నప్పుడు ఇది చిన్న చిరాకు. సంచీలో రైతుల డబ్బుతో సాయంత్రం బ్యాంకు నుంచి మార్కెట్‌కు వచ్చే దారిలో జరిగితే ఏమిటన్న ఆలోచన నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. తూటాల పెట్టెను అనుమానించాను, స్ప్రింగును అనుమానించాను. వారం తిరక్కుండా, మామునూరు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మ్యాగజైన్ (తూటాల అర) తీసి, ఛాంబర్ (పేలబోయే తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ రెండుసార్లు చూసుకుని, తెల్ల గుడ్డ పరిచి పిస్టల్ విప్పాడు. స్లైడ్ లోపలి గాడిలో, ఖాళీ గుల్లను పట్టి లాగే కొక్కెం కింద, ప్రైమర్‌ను కొట్టే సూది, ఫైరింగ్ పిన్, కదిలే సన్నటి గొట్టంలో బూడిదరంగు ముద్దలు. సూదితో ఒక్కొక్కటే పీకి గుడ్డ మీద వరుసగా పెట్టాడు.

“సేట్, తూటాది తప్పు కాదు, స్ప్రింగుదీ కాదు. మీ మార్కెట్ వచ్చి దీనిలో కాపురం పెట్టింది” అన్నాడు.

“నూనె బాగానే రాస్తున్నా కదన్నా?”

“రాస్తున్నారు కాబట్టే. పొడిగా ఉంటే నూగు రాలిపోయేది. నూనె దాన్ని పట్టుకుని ముద్ద చేసింది. ఆ ముద్ద పిన్నుకు అడ్డం పడి, దెబ్బ బలం తగ్గింది.”

నూనె లేకపోతే చెమటకు తుప్పు, నూనె ఉంటే పత్తికి ముద్ద. ఎండాకాలపు మందు చలికాలంలో రోగం అవుతోంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న సంగతి ఏ విదేశీ సమీక్షలోనూ నాకు కనిపించలేదు, వాళ్లెవరూ పత్తి బేరం చేయరు మరి. పెద్దాయన సలహా తేలికైనదే. బయటి భాగాలకు నూనె మానేసి మైనం పాలిష్ పలచగా రుద్ది, ఆరాక గుడ్డతో తుడవాలి. మైనం చెమటను ఆపుతుంది, నూగును అంటించుకోదు. స్లైడ్ జారే పట్టాల మీద కుట్టుమిషన్ నూనె ఒక్కొక్క చుక్క. ఫైరింగ్ పిన్ గొట్టంలో ఒక్క చుక్క కూడా వేయకూడదు, అది పొడిగానే ఉండాలి. కొబ్బరినూనె వాడేవాళ్లు కూడా ఉన్నారని తెలిసి ఆయన తల పట్టుకున్నాడు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది, డిసెంబరు తెల్లవారుజామున మన ఊళ్లో అది తలలోనే కదలదు, స్ప్రింగులో ఏం కదులుతుంది?

ఈ పద్ధతి మొదలుపెట్టాక అలాంటి ఇబ్బంది మళ్లీ రాలేదు. తోలు తొడుగు తీసేసి, ఒంటి వైపు ఎత్తైన పలక ఉన్న గట్టి ప్లాస్టిక్ తొడుగు తీసుకున్నాను. ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉంచే తొడుగు తప్ప వేరేది చూడకండి. అయితే ఈ పలక వల్ల నేను అంతగా మురిసిపోయిన పావు అంగుళంలో సగం తిరిగి పోయింది. చొక్కా ఒక సైజు పెద్దది కుట్టించుకోవలసి వచ్చింది. రివాల్వర్ కంటే ఇప్పటికీ నయమే, కాకపోతే మొదట్లో నేను ఊరంతా చాటినంత నయం కాదు.

ఛాంబర్ ఖాళీగా ఉంచి, మ్యాగజైన్ మాత్రం నింపి పెట్టుకుంటాను. అంత జాగ్రత్త ఎందుకని వాదించేవారు ఉన్నారు, ఆపదలో తూటా ఎక్కించే ఆ ఒక్క క్షణం కూడా ఉండదంటారు. నా పిస్టల్ పాత తరహాది, కింద పడితే ఫైరింగ్ పిన్ను అడ్డుకునే అమరిక దానిలో లేదు. రోజూ బస్తాల మీద వంగేవాడికి ఆ భయమే ఎక్కువ. పెళ్లి బరాత్‌లో ఒక్కసారి పేల్చమని బతిమాలే బంధువులకు కూడా నా దగ్గర ఒకటే జవాబు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తరువాత వేడుకల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మేడారం జాతరకు వెళ్లేటప్పుడైతే బీరువాలోంచి అసలు తీయను. ఆ జనంలో ఎవరి చెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. ఎన్నికల నియమావళి వస్తే మా తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటారు. 2023లో అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల ప్రకటన వచ్చింది, సరిగ్గా పత్తి మొదలయ్యే వేళ. 2024లో మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన వచ్చి జూన్‌లో ఫలితాల దాకా నడిచింది, అదే మిర్చి జోరు. అంటే చేతిలో డబ్బు ఆడే రెండు కాలాల్లోనూ నా పిస్టల్ రసీదు రూపంలోనే జేబులో ఉంది. ఏం జరిగింది? ఏమీ జరగలేదు. డబ్బు తేవడానికి ఒక్కణ్ణి కాకుండా ఇద్దరం వెళ్లాం, వేళ మార్చాం, దారి మార్చాం. పైగా ఇప్పుడు నగదు బేరం తగ్గుతోంది. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొన్న పత్తికి డబ్బు నేరుగా రైతు ఖాతాలోకే పోతోంది, మా దగ్గర కూడా ఖాతాలో వేయమనే రైతులు పెరిగారు. రెన్యువల్ ఐదేళ్లకోసారి వస్తుంది, ఈసారి వచ్చినప్పుడు చేయించాలా అని ఇంట్లో ఒక మాట నడుస్తోంది. నేనింకా చేయిద్దామనే వైపే ఉన్నాను. అది అవసరమో అలవాటో నాకే సరిగా తెలియదు.

కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీలో భాగస్తుడైన మా బావమరిది ఈమధ్య లైసెన్సు తీసుకున్నాడు. “బావా, నీలాంటిదే నాకూ ఇప్పించు” అన్నాడు. వద్దన్నాను. అతని దగ్గర నూగు ఉండదు గానీ రాతిపొడి ఉంటుంది, అది ఇంకా గరుకు. జారే స్లైడ్‌లో దాన్ని నమ్మలేను. అతను పొద్దంతా జీపులో తిరిగేవాడు, చొక్కా కింద ఎత్తుగా కనిపించినా అడిగేవాడు లేడు. అలాంటివాడికి రివాల్వరే మేలు. 2023లో వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్‌లో చక్రం పక్కకు తెరుచుకుంటుంది, పొడి ఎక్కడ చేరిందో చూసి తుడుచుకోవచ్చు. తూటాలు లేకుండా బరువు దాదాపు 700 గ్రాములు. చేతిలో పట్టుకుని చూసి వచ్చాడు, నడుముకు పెట్టుకుని మాత్రం చూడలేదట. ఒకరోజంతా అంత బరువు ఇసుక సంచీ నడుముకు కట్టుకుని తిరిగి చూసి, అప్పుడు డబ్బు కట్టమని చెప్పాను.