జైళ్ల శాఖ పెట్రోల్ బంక్: మూడేళ్ల నుంచి అక్కడే కొట్టిస్తున్నా, నా రివ్యూ

బండి మీద తిరిగే ఉద్యోగం నాది, రోజుకి 80 కిలోమీటర్లకి తక్కువ ఉండదు, అందుకే పెట్రోల్ దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. చంచల్‌గూడ జైలు దగ్గర బంక్ హైదరాబాద్ వాళ్లకి తెలిసే ఉంటది, జైళ్ల శాఖ వాళ్లవి అలాంటివి వేరే ఊళ్లల్లో కూడా ఉన్నయి, శిక్ష పడ్డవాళ్లు, విడుదలై వచ్చినవాళ్లు పనిచేస్తరు. నేను వెళ్లేది వాటిల్లో ఒకటి. అది ఏ బంకో చెప్పను, ఎందుకంటే కింద రాసేదాంట్లో చాలావరకు అక్కడ పనిచేసే ఒక అన్న నాతో చెప్పుకున్న మాటలు.

ముందు పెట్రోల్ సంగతి. కొలత పక్కా. ఒకసారి డౌటొచ్చి 5 లీటర్ల క్యాన్‌తో కొలిచి చూపించమన్నా (ఏ బంక్‌లో అయినా అడగొచ్చు, మన హక్కు), వేరే చోట అడిగితే మొహం మాడ్చుకున్నరు, ఇక్కడ అన్న మారుమాట లేకుండా క్యాన్ తెచ్చి గీత దాకా పట్టి చూపించిండు. ప్రతిసారీ "జీరో చూడు తమ్ముడూ" అంటడు, నేను చూసి తలూపేదాకా నాజిల్ నొక్కడు. మైలేజ్ కూడా మంచిగనే వస్తుంది. పక్కన కౌంటర్‌లో జైల్లో తయారైన "మై నేషన్" బ్రాండ్ సబ్బులు, ఫినైల్ దొరుకుతయి, మా ఇంట్లో ఆ ఫినైలే వాడతం. మైనస్‌లు అంటే గాలి మిషన్ సగం రోజులు పనిచేయదు, సాయంత్రం 6 దాటితే లైన్ రోడ్డు మీదికి వస్తది.

మొన్న వానకి షెడ్డు కింద ఆగిపోయినప్పుడు అన్నతో మాట కలిసింది. పొలం గట్టు గొడవలో మనిషి పోయిండంట, 14 ఏళ్లు లోపలున్నడంట. బయటికొచ్చినోళ్లు మళ్లీ మళ్లీ లోపలికి ఎందుకొస్తరన్నా అని అడిగిన.

"మాలాంటోళ్లం తక్కువ తమ్ముడూ, మళ్లీ వచ్చేది చిన్న దొంగతనాల పిల్లగాండ్లు. బెయిలొస్తే సాయంత్రం పూట బయట పడతరు. చేతిల ఫోన్ ఉండదు, అది కేసుల పట్టుకపోతరు. ఇంటోళ్ల నంబర్ యాదికుండదు, ఉన్నా ఎత్తరు. గేటు కాడికి బండేసుకొని వచ్చేది ఎవడంటే పాత దోస్తే. ఆ రాత్రి బువ్వ వాడే పెడ్తడు, పండుకోనీకి జాగ వాడే ఇస్తడు. తెల్లారి వాడు ఒక పని చెప్తే కాదని ఎట్లంటడు?"

ఇది విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. మనం అలవాటు పడ్డ ప్రాణం అని ఒక్క మాటలో తేల్చేస్తం కదా.

ఇంకా చెప్పిండు. రూమ్ అడిగితే ఓనర్ ఆధార్ అడుగుతడు, కేసు సంగతి తెలిస్తే ఖాళీ చేయమంటడు. పనిలో చేరినా కోర్టు వాయిదాలకి లీవు ఎన్నిసార్లని ఇస్తరు, రెండు వాయిదాలు తప్పితే వారెంటు, మళ్లీ లోపలికే, కొత్త నేరం ఏదీ చేయకుండానే. ఏరియాలో ఏ గొలుసు తెగినా ముందు పాత నేరస్థులనే పిలుస్తరు. అన్నకి ఇక్కడ జీతం కంటే పెద్ద ధైర్యం డ్యూటీ రిజిస్టరంట. ఒకసారి ఎవరో వచ్చి మొన్న రాత్రి యాడున్నవ్ అని అడిగితే సూపర్‌వైజర్ రిజిస్టర్ తీసి, సీసీ కెమెరా చూపించి పంపిండంట. ఆ మాట చెప్పేటప్పుడు యూనిఫామ్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నడు అన్న.

నాకు బాధ ఎక్కడంటే, ఈ బంక్‌ల పని ఎక్కువగా శిక్ష పడి, ఏళ్ల తరబడి మంచి నడవడి చూపించినోళ్లకి దక్కుతుంది. ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల, జైళ్ల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) లెక్కల ప్రకారం 2022 చివర్లో దేశంలో జైళ్లల్లో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. మూడు నెలలు ఉండి పోయేవాళ్లకి పనీ నేర్పరు, బయటికొచ్చాక అడిగేవాళ్లూ ఉండరు, మళ్లీ జారేది మాత్రం ఎక్కువగా వాళ్లేనని అన్నే చెప్తున్నడు. శాఖ వాళ్లు ఎవరైనా ఇది చదివితే దండం పెట్టి అడుగుతున్నా, బెయిల్ మీద పోయేవాళ్లకి కూడా మొదటి నెల ఏదో ఒక పని, పడుకోనీకి ఒక జాగ చూపించండి.

రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటీ గాలి మిషన్‌కి తీసేసిన. రాత్రి 9 తర్వాత పోతే లైన్ ఉండదు.

పోయిన వారం అన్న ఉన్న జైల్లోనే ఇదివరకు రిమాండ్‌లో ఉన్న పిల్లగాడు ఒకడు పని అడగనీకి బంక్‌కి వచ్చిండంట, ఖాళీ లేదన్నరంట, అన్న ఛాయ్ తాగించి తన జేబులకెల్లి 500 ఇచ్చి పంపిండు. మా గోడౌన్‌లో లోడింగ్‌కి మనిషి కావాలి, మేనేజర్‌తో కేసు సంగతి దాయకుండా మాట్లాడిన, చూద్దాం తీసుకురా అన్నడు. నిన్న పెట్రోల్‌కి పోయినప్పుడు నా నంబర్ చీటీ మీద రాసి అన్నకి ఇచ్చి వచ్చిన, పిల్లగాడు ఇంకా రాలేదన్నడు.