ఫ్యామిలీ లీవ్ సర్వీసు: నాలుగేళ్ళు వాడాక

ఎడిసన్‌లో 23 మంది ఉన్న ఐటీ కంపెనీ మాది. జీతాలు, సెలవులు నేనే చూస్తాను. ఎక్కువమంది న్యూజెర్సీలో, కొందరు న్యూయార్క్‌లో, ఒకమ్మాయి సియాటిల్ దగ్గర ఇంటినుంచి పనిచేస్తారు. పెయిడ్ ఫ్యామిలీ లీవ్ (బిడ్డ పుట్టినా, ఇంట్లో వాళ్ళకి పెద్ద జబ్బు చేసినా కొంత డబ్బొచ్చే సెలవు) రూళ్ళు ఒక్కో స్టేటుకి ఒక్కో రకం కాబట్టి, 2021లో పేరోల్‌తో పాటు లీవ్ సర్వీసు కూడా తీసుకున్నాం.

రేట్ల విషయంలో వంక పెట్టలేను. న్యూజెర్సీలో ఈ లీవ్ కోసం ఉద్యోగి జీతంలోంచి పట్టేది 2024లో 0.09 శాతం, 2025లో 0.33. జనవరి మొదటి జీతానికే కొత్త రేటు వచ్చేసింది, నేను ముట్టుకునే పనే పడలేదు.

న్యూయార్క్‌లో ఉన్న మా అబ్బాయి ఒకడు, తెనాలిలో వాళ్ళమ్మకి గుండె ఆపరేషనని లీవ్ అడిగాడు. అక్కడ డబ్బిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ. లీవ్ అడిగే పీఎఫ్‌ఎల్-1 ఫారంలో కంపెనీ భాగం మూడు పనిదినాల్లో నింపి ఉద్యోగి చేతికివ్వాలి. గత ఎనిమిది వారాల జీతాలూ సర్వీసే నింపిపెట్టింది, ప్రాణం లేచొచ్చింది. డాక్టరు నింపాల్సిన పీఎఫ్‌ఎల్-4 ఫారం దగ్గరే చిక్కు. ఇండియా డాక్టరు అనగానే సపోర్ట్ వాళ్ళు చేతులెత్తేశారు. రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో ఆస్పత్రి క్లర్కుకి ఒక్కో గడీ చదివి చెప్పాను. ఎన్నాళ్ళు దగ్గరుండి చూసుకోవాలన్న గడి ఖాళీగా వదిలేశారు, మళ్ళీ రాయించాను. క్లెయిమ్ పాసయింది.

సియాటిల్ విషయంలో మాత్రం చేతులు కాలాయి. ఆ అమ్మాయి 2023లో ఎడిసన్ నుంచి అక్కడికి మారింది. ఇంటి అడ్రస్ మార్చాను. పనిచేసే చోటు మార్చడానికి ఇంకో స్క్రీన్ ఉందని సర్వీసు చెప్పలేదు. ఐదు నెలలు లీవ్ డబ్బు న్యూజెర్సీకే కట్ అయింది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, ఉద్యోగి కూర్చుని పనిచేసే స్టేటే లెక్క. పైగా వాషింగ్టన్‌లో జీతం ఇచ్చేటప్పుడు పట్టని లీవ్ ప్రీమియం తర్వాత ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. ఆమె వాటా కంపెనీయే కట్టింది, న్యూజెర్సీకి పట్టింది ఆమెకు తిరిగిచ్చాం. ఇప్పుడు ఎవరు ఇల్లు మారినా, ఆ నెల పే స్టబ్ తెరిచి చూడందే నాకు నిద్ర పట్టదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇంకోటి. అదే ఏడాది మా టీమ్‌లో ఒకతనికి పాప పుట్టింది. పన్నెండు వారాలు పెట్టాడు, పోర్టల్‌లో "అప్రూవ్డ్" అని ఆకుపచ్చ టిక్కు పడింది. వారం తర్వాత నా టేబుల్ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, తిరిగొచ్చేదాకా నా ఉద్యోగం ఉంటుంది కదా?" అన్నాడు.

ఆ టిక్కు డబ్బుకే. డబ్బిచ్చే చట్టం వేరు, తిరిగి అదే ఉద్యోగంలోకి తీసుకోవాలనే చట్టం వేరు. న్యూజెర్సీలో డబ్బిచ్చే ఫ్యామిలీ లీవ్ ఇన్సూరెన్స్ మాలాంటి చిన్న కంపెనీలకీ వర్తిస్తుంది. తిరిగి తీసుకోమనే న్యూజెర్సీ చట్టానికి అప్పట్లో 30 మంది ఉండాలి, దేశమంతటికీ ఉన్న ఫెడరల్ సెలవు చట్టం ఎఫ్‌ఎంఎల్‌ఏకి 50 మంది. మాకు అప్పుడు రెండూ పట్టలేదు. ఈ ముక్క సర్వీసులో ఎక్కడా లేదు. చిన్న కంపెనీలకు అమ్మే సర్వీసులో మొదటి పేజీలో ఉండాల్సింది ఇదే.

ఆ సాయంత్రమే మా ఓనరు గారితో మాట్లాడి, ఏ తేదీకి రావాలో, అదే పని, అదే జీతమని లెటర్ రాసి సంతకం పెట్టించి ఇచ్చాను. సర్వీసు ఇంకా వాడుతున్నాం. లీవ్ అడిగిన ప్రతివాళ్ళకీ ఆ లెటర్ మాత్రం నేనే విడిగా ఇస్తున్నాను.