ఎలైట్ డేంజరస్‌లో దొంగ బతుకు: రిస్కు ఉంది, దానికి తగ్గ రాబడి లేదు

ఎలైట్ డేంజరస్ అనే స్పేస్ గేమ్ కొందామనుకుంటున్నాను, అందులో పైరేట్‌గా, అంటే షిప్‌లను దోచుకునే దొంగగా బతకొచ్చా అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. బతకొచ్చు, గిట్టుబాటు మాత్రం కాదు. 2015 నుంచి ఆడుతున్నాను, మధ్యలో ఒక నాలుగు నెలలు పట్టుబట్టి ఇంకే పనీ ముట్టుకోకుండా పైరేట్‌గానే ఉన్నాను, అందుకే ఈ రివ్యూ అంతా ఆ ఒక్క విషయం మీదే. గ్రాఫిక్స్ బాగుంటాయి, సౌండ్ అయితే నేను ఆడిన ఇంకే గేమ్‌లోనూ ఇంత బాగా లేదు. షిప్ వేడెక్కినప్పుడు రేకులు కిర్రుమనడం కూడా హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. ఆ సంగతి ఇక్కడితో ఆపేస్తాను.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఫ్రంటియర్ డెవలప్‌మెంట్స్ చేసిన గేమ్ ఇది, 2014 డిసెంబర్‌లో పీసీ మీద వచ్చింది. మన పాలపుంతను అసలు కొలతలతో, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలతో కట్టారు. చిన్న సైడ్‌విండర్ షిప్ ఇచ్చి వదిలేస్తారు, సరుకు రవాణా చేస్తారో, గనులు తవ్వుతారో, దొంగతనం చేస్తారో మీ ఇష్టం. దీని మూలం 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ ఇద్దరూ కలిసి బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాసిన ఎలైట్. ఆ పాత గేమ్‌లోనే బానిసలు, మత్తుమందులు, ఆయుధాల రవాణా నేరం. పట్టుబడితే మన రికార్డు క్లీన్ కాస్తా అఫెండర్ (నేరస్థుడు), అక్కణ్నుంచి ఫ్యుజిటివ్ (పరారీలో ఉన్నవాడు). అంటే దొంగ బతుకు ఈ గేమ్‌కు తర్వాత అతికించింది కాదు, పుట్టుకతోనే ఉంది. అందుకే అది సరిగ్గా కుదరకపోవడం నన్ను ఇంత బాధపెడుతుంది.

పైరసీ ఎలా చేస్తారో చెప్తాను, ఎందుకంటే ఆ పని చేసే విధానం నిజంగా అద్భుతం. సూపర్‌క్రూజ్ అనే అతివేగంలో పోతున్న షిప్ వెనక చేరి, ఇంటర్‌డిక్టర్ అనే పరికరంతో దాన్ని ఆ వేగంలోంచి బయటకు లాగాలి. వాడు తప్పించుకునే దిక్కు పట్టుకుని కొట్టుకుంటుంటే మనం వాణ్ని గురిలో ఉంచాలి. గెలిస్తే ఇద్దరం మామూలు వేగంలోకి పడతాం. అప్పుడు మానిఫెస్ట్ స్కానర్‌తో లోపల ఏం సరుకుందో చూసి, వాడి డ్రైవ్ (ఇంజిన్) కొట్టి, షీల్డ్ దించి, హాచ్ బ్రేకర్ లింపెట్ వదలాలి. అది చిన్న డ్రోన్, వెళ్లి సరుకు తలుపును కోస్తుంది, కొన్ని డబ్బాలు బయట పడతాయి. వాటిని కలెక్టర్ లింపెట్లతో ఏరుకోవాలి. ఇదంతా పోలీసులు రాకముందే అయిపోవాలి. ఇంత చేసేటప్పుడు చేతులు చెమటపడతాయి, గుండె దడదడలాడుతుంది. మిగతా ఏ వృత్తిలోనూ ఇంత టెన్షన్, ఇంత నేర్పు లేవు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

ఇక లెక్క చూద్దాం. కంప్యూటర్ నడిపే వర్తకుల్లో ఎక్కువమంది దగ్గర ఉండేది తక్కువ సరుకు, అదీ చవకరకం. లింపెట్ ఒక్కసారికి మొత్తం దించదు, కొంతే రాలుతుంది. ఏరుకున్న ప్రతి డబ్బా మీదా దొంగసరుకు అనే ముద్ర ఉంటుంది కాబట్టి మామూలు మార్కెట్‌లో కొనరు, బ్లాక్ మార్కెట్ ఉన్న స్టేషన్ వెతుక్కుని తక్కువ ధరకు అమ్ముకోవాలి. ఇంతలో నా పేరు మీద బౌంటీ, అంటే తలకు వెల. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

పోనీ మనుషులు నడిపే షిప్‌లను దోచుకుందామా అంటే, ఏడు వందల టన్నులకు పైగా మోసే టైప్-9 షిప్ వేసుకున్నవాడు తెలివైనవాడైతే ఇంటర్‌డిక్షన్‌లో కొట్టుకోడు. వేగం సున్నాకు తెచ్చి లొంగిపోతాడు. అలా లొంగితే వాడి డ్రైవ్ త్వరగా సిద్ధమవుతుంది, ఇంకో నక్షత్రానికి జంప్ కొట్టేస్తాడు. నాకు దొరికేది అర నిమిషం కూడా ఉండదు. ఆ అర నిమిషంలో స్కాన్ చేయాలి, సరుకు వదలమని మెసేజ్ పెట్టాలి, వాడు చదవాలి. వాడికి భయం వేసి మెనూలోంచి బయటకు పోదామన్నా 15 సెకన్లు ఆగితే చాలు, గేమే పంపించేస్తుంది.

అసలు ఆ వర్తకుడు నా కంటపడితే కదా! ఈ గేమ్‌లో ఓపెన్, ప్రైవేట్ గ్రూప్, సోలో అని మూడు రకాలుగా ఆడొచ్చు. మూడింటికీ గెలాక్సీ ఒకటే, డబ్బు ఒకటే, షిప్ ఒకటే. విలువైన సరుకు వేసుకున్నవాడు సోలోకి మారితే ఏ పైరేటూ వాణ్ని చూడలేడు. సోలో ఉండకూడదని నేననను. పగలంతా పనిచేసి వచ్చి రాత్రి గంటసేపు ప్రశాంతంగా ఆడుకునేవాళ్లకు ఆ హక్కు ఉండాలి, నేనూ చాలా రాత్రులు సోలోలోనే ఉన్నాను. కానీ ప్రమాదం ఉన్న దారికీ లేని దారికీ రాబడి ఒకటే అయినప్పుడు ప్రమాదం ఉన్న దారిలో సరుకు ఎవరు తీసుకొస్తారు? పైరేట్‌కు మిగిలేది దారి తప్పి వచ్చిన కొత్తవాళ్లే, వాళ్లను దోచుకోవడం నాకు మనసొప్పలేదు.

నిజాయితీగా బతికేవాడికి రిస్కు ఎంత తక్కువో చూడండి. షిప్ పేలిపోతే దాని ఖరీదులో 5 శాతం కడితే చాలు, సామాన్లతో సహా తిరిగి ఇచ్చేస్తారు. అనకొండా అనే పెద్ద షిప్ ఖరీదు 14 కోట్ల 60 లక్షల క్రెడిట్లకు (గేమ్‌లో డబ్బు) పైమాటే, తిరిగి తెచ్చుకునే ఖర్చు, అంటే రీబై, 73 లక్షల చిల్లర. లోపలి సరుకు పోతుంది నిజమే, కానీ పోయే సందర్భాలే అరుదు. 2018 చివర్లో కోర్ మైనింగ్ (రాళ్లను పగలగొట్టి లోపలి ఖనిజం తీయడం) వచ్చాక వాయిడ్ ఓపల్స్ అనే రత్నాలు టన్ను 10 లక్షల పైన పలికిన రోజులున్నాయి. గ్రహవలయంలోకి దిగగానే కంప్యూటర్ పైరేట్లు వస్తారు, ఖాళీ షిప్‌ను స్కాన్ చేస్తారు, ఏమీ లేదని వెళ్లిపోతారు. ఆ తర్వాత తీరిగ్గా పాటలు వింటూ రాళ్లు పగలగొట్టుకోవచ్చు. ఆ ఒక్క గంట సంపాదన కోసం పైరేట్‌గా నేను వారాలు కష్టపడాలి. ఇంత తేడా ఉంటే ఏ సరదా అయినా ఎన్నాళ్లు నిలుస్తుంది?

శిక్షల సంగతి. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 3.0 అప్‌డేట్ నేరాల పద్ధతంతా మార్చింది. బౌంటీ షిప్‌కు అంటుకుంటుంది, అమాయకుణ్ని చంపితే నోటోరైటీ అనే చెడ్డపేరు లెక్క ఒక్కో అంకె పెరుగుతూ 10 దాకా పోతుంది, అది తగ్గాలంటే రెండు గంటలకు ఒక్కటి చొప్పున, అదీ గేమ్‌లో ఉన్న సమయమే లెక్క. నోటోరైటీ ఉన్నంతవరకు బౌంటీ కట్టి బయటపడటానికి లేదు. దోచుకున్నవాణ్నీ చంపినవాణ్నీ వేరుగా చూడటం నాకు బాగా నచ్చింది, సరదాకి కొత్తవాళ్లను చంపేవాళ్ల మీద అలాంటి పట్టు ఉండాల్సిందే. నా అభ్యంతరం శిక్ష రూపం మీద. 10కి చేరినవాడు పూర్తిగా కడుక్కోవడానికి 20 గంటలు పడుతుంది, ఆ 20 గంటల్లో అతనికి కొత్త కథేమీ జరగదు, ఎదురుచూడటమే. రిస్కు అంటే పోతుందేమో అన్న భయం, తప్పించుకోవచ్చేమో అన్న ఆశ, రెండూ కలిసి ఉండాలి. వెయిటింగ్‌లో ఆ రెండూ లేవు. స్టార్ సిటిజన్ అనే ఇంకో స్పేస్ గేమ్ ఇంకా ఆల్ఫాలోనే, అంటే పూర్తికాని దశలోనే ఉంది గానీ ఈ ఒక్క విషయంలో దాని ఆలోచన మెరుగు. అక్కడ పట్టుబడితే క్లెషర్ జైల్లో వేస్తారు, గని తవ్వి శిక్ష తగ్గించుకోవచ్చు, గుహల్లోంచి పారిపోయే దారి కూడా ఉంది. ఎలైట్‌లో డిటెన్షన్ సెంటర్ పేరుకే, కళ్లు తెరిచేది అక్కడ, మరు నిమిషం షిప్ ఎక్కి వెళ్లిపోవడమే.

ఇదే గేమ్ ఒకప్పుడు లెక్క సరిగ్గా కుదిర్చింది. 2015, 2016 రోజుల్లో రాబిగో, సోథిస్, సియోస్ అనే మారుమూల వ్యవస్థల నుంచి స్మగ్లింగ్ మిషన్లు దొరికేవి. మనుషులుండే ప్రాంతానికి వందల కాంతి సంవత్సరాల అవతల నుంచి గడువు లోపల సరుకు చేర్చాలి, డబ్బు లక్షల్లో. ఒక రాత్రి ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ షిప్‌లో పది పన్నెండు మిషన్ల సరుకు పేర్చుకుని వచ్చాను. చివరి స్టేషన్ ముందు పోలీసు షిప్ నా వైపు తిరిగి స్కాన్ మొదలుపెట్టింది. సైలెంట్ రన్నింగ్ నొక్కాను. అది నొక్కితే వేడి బయటకు పోదు కాబట్టి రాడార్‌కు దొరకం, కానీ షీల్డ్ పోతుంది, లోపల వేడి పెరిగిపోతుంది. వేడి నూరు దాటింది, వేడిని పీల్చి బయటకు పడేసే హీట్ సింక్ వదిలాను, స్టేషన్ నోట్లోకి పూర్తి బూస్ట్‌తో దూరాను. స్కాన్ పూర్తయి ఉంటే జరిమానా, ఆ రాత్రి పడిన శ్రమంతా నీళ్లపాలు. లోపల ప్యాడ్ మీద దిగాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ డబ్బు నిజంగా నేను సంపాదించిందే అనిపించింది. రాబడి పెద్దది, ప్రమాదం పెద్దది, తప్పించుకునే ఉపాయం నా చేతిలో ఉంది, ఇంకొకరి ఆట చెడగొట్టనక్కర్లేదు. తర్వాత ఆ రాబడి తగ్గించేశారు. అదే రాబిగో నుంచి ఆ తర్వాతి కాలంలో ప్యాసింజర్లను సోథిస్‌కు తిప్పి తీసుకొచ్చే మిషన్లు పేరు తెచ్చుకున్నాయి, దాదాపు ఏ ప్రమాదమూ లేకుండా కోట్లు వస్తాయి. దొంగదారికి ఇవ్వలేమన్న డబ్బును టూరిస్టు బస్సుకు ఇచ్చారన్న మాట, ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పోల్చి చూడాలంటే ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2003 నుంచి నడుపుతున్న ఈవ్ ఆన్‌లైన్ అనే స్పేస్ గేమ్ చూడాలి. అక్కడ పేలిన షిప్ పోయినట్టే. భద్రత ఉన్న ప్రాంతంలో దాడి చేస్తే కాన్‌కార్డ్ పోలీసులు దొంగను కచ్చితంగా పేల్చేస్తారు, తప్పించుకునే ప్రశ్నే లేదు, ఇన్సూరెన్స్ కూడా రాదు. అయినా దొంగలున్నారు, ఎందుకంటే పోలీసులు వచ్చేలోపు కొన్ని సెకన్ల వ్యవధి ఉంటుంది, చవక కాటలిస్ట్ షిప్‌లు కొన్ని కలిసి ఆ కాస్త సమయంలో బరువు బండిని పేల్చేస్తాయి. లోపలి వస్తువుల్లో సుమారు సగం మిగులుతాయి, సగం కాలిపోతాయి. ఈ లెక్క దొంగకూ తెలుసు, వర్తకుడికీ తెలుసు. నా సరుకులో సగం విలువ వాళ్లు పోగొట్టుకునే షిప్‌ల ఖరీదు కన్నా తక్కువుంటే నా జోలికి రారు అని లెక్కేసుకుని సరుకు ఎక్కించుకుంటాడు అనుభవమున్నవాడు. ఊయెడామా లాంటి పేరుమోసిన దారిలో వెళ్లేముందు ముందొక మనిషిని పంపి చూస్తాడు. ఈవ్ అందరికీ పడదు, కొత్తవాళ్ల మీద మరీ కఠినం, అది వేరే విషయం. కానీ అక్కడ ఇద్దరూ ఒకే తక్కెడలో తూగుతారు.

ఎలైట్‌కు నేను అడిగేది పెద్దదేం కాదు. ఓపెన్‌లో విలువైన సరుకు మోసేవాడికి కాస్త అదనపు లాభం ఇవ్వండి. కంప్యూటర్ వర్తకుల్లో అప్పుడప్పుడైనా నిజమైన ధనవంతుణ్ని, కాపలా షిప్‌లతో సహా తిప్పండి. స్మగ్లింగ్ డబ్బు తిరిగి తెండి.

ఐదుకు గేమ్ మొత్తానికి నాలుగు ఇస్తాను, దొంగ వృత్తికి రెండు. దూరాలు తిరగడానికి, మైనింగ్‌కు, యుద్ధానికి కళ్లు మూసుకుని కొనొచ్చు, పీసీలోనే కొనండి, కన్సోళ్ల మీద కొత్త పని 2022లో ఆపేశారు. లేదు, నాకు పైరేట్ బతుకే కావాలి అనేవాళ్లు కోబ్రా మార్క్ 3 షిప్‌తో మొదలుపెట్టండి, మూడున్నర లక్షల క్రెడిట్లకే వస్తుంది, పారిపోవడానికి వేగం సరిపోతుంది. అనార్కీ వ్యవస్థలు వెతుక్కోండి, అక్కడ నేరం రాసుకునేవాడే ఉండడు. అక్కడి గ్రహవలయాల్లో రాళ్లు తవ్వే కంప్యూటర్ మైనర్ల దగ్గర ఖనిజం దొరుకుతుంది. దాడికి ముందు మీ షిప్‌లో ఎన్ని టన్నులకు చోటుందో చూసుకుని, అందులో లింపెట్లు ఎన్ని పట్టుకెళ్లాలో లెక్కేసుకోండి, మొదటి వారం నేను లింపెట్లతోనే చోటంతా నింపేసుకుని కళ్లముందు పడిన డబ్బాలను వదిలేసి రావాల్సి వచ్చింది.